గీత కనపడని అక్షింతలు

చిలమత్తూరు బస్టాండుకు ఎదురుగా, పురుగుమందుల కొట్టు మీద ఒక మేడగది ఉంది. తలుపు మీద ‘తిప్పేష్ వీడియో మిక్సింగ్’ అని రాసి ఉంటుంది. లోపల ఉన్నది ఒక్కటే టేబుల్ ఫ్యాను. అది తిప్పేష్ వైపు తిరిగి ఉండగా చూసినవాళ్లు లేరు. నడి ఎండాకాలంలో కూడా దాని ముఖం కంప్యూటర్ వైపే. మనిషికి చెమట పడితే తువాలుతో తుడుచుకుంటాడు, మిషను వేడెక్కితే పొద్దున్నుంచి చేసిన పనంతా గంగలో కలుస్తుంది కదా అంటాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. మిషను మీద అంత దయ చూపించేవాడు ఒక మనిషి విషయంలో ఏం చేశాడో చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

తిప్పేష్ వాళ్ల నాయన తిప్పయ్య గొర్రెలు మేపేవాడు. మందలో డెబ్బై జీవాలు. బడిలేని రోజు కొడుకును వాటి వెంట పంపితే, పొద్దుగూకేసరికి అరవై ఎనిమిదిని తోలుకొని నవ్వుకుంటూ ఇంటికొచ్చేవాడు. మిగిలిన రెండింటి కోసం తిప్పయ్య మళ్లీ గుట్ట ఎక్కాల్సిందే. “మంద నడుమ పోయేటివే కనపడ్తాయి రా నీ కండ్లకి. అంచున పోయేటివి కనపడవు” అని తిట్టేవాడు. పదో తరగతి తప్పాక, గొర్రెలకూ చదువుకూ కూడా పనికిరాడని తేల్చుకొని, ఆ తండ్రే అతన్ని హిందూపురంలో ఐజాక్ దగ్గర పనికి పెట్టాడు.

ఐజాక్ పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాడు. కోపిష్టి, కానీ చేతిలో పనితనం ఉన్న మనిషి. తలంబ్రాల వేళ గులాబీ రేకులు రాలడం, మంగళసూత్రం కట్టేటప్పుడు బంగారు పొడి చిమ్మడం, పెద్దలు దీవించేటప్పుడు తెరంతా అక్షింతలు కురవడం, ఇవన్నీ ఆయన కంప్యూటర్‌లోనే పుట్టించేవాడు. నిజం అక్షింతలు కెమెరాకు ఆనవు. ఆనకపోతే జనం ఒప్పుకోరు. వాన పడని సీమలో తెర మీదైనా ఏదో ఒకటి ధారాళంగా పడాలి మరి. ఆ రాలే వాటన్నిటినీ కలిపి పార్టికల్స్ అంటారు.

ఈ పనిలో ఒక చిక్కుంది. కురిసే గింజలను ఒకసారి రెండర్ చేసి వీడియోగా దాచుకున్నాక అది కొలిచి కత్తిరించిన గుడ్డతో సమానం. తెర నిండా పరిస్తే ఏ గోలా లేదు, గింజలు తెర దాటి కిందికి పోయినట్టే ఉంటుంది. గింజలు మరీ పెద్దవిగా ఉన్నాయని ఆ గుడ్డను కుదించారో, దాని అంచు తెర లోపలికి వచ్చేస్తుంది. అక్కడిదాకా వచ్చిన గింజ సగంలో తెగిపోతుంది. నిట్టనిలువునా ఒక గీత. గీతకు ఇటు అక్షింతల వాన, అటు బోడి గోడ. చూసినవాళ్లకు నవ్వాగదు.

ఐజాక్ అతనికి మొదటి నెలలోనే దీని మందు చెప్పాడు. “కావాల్సినదానికి రెండింతల ఫ్రేము పెట్టుకోని రెండర్ చెయ్యి. గింజ అంచు దాకా పోకముందే గాల్లోనే సన్నగా మాసిపోయి సచ్చిపోవల్ల. అప్పుడు నువ్వెంత కుదించుకో, గీత రాదు. బతికుండే గింజను కోస్తే మాత్రం గీత కనపడ్తాది. యాదిపెట్టుకో.” యాదిపెట్టుకున్నాడు. ఆ ఒక్క పనిలో అతనికి పేరొచ్చింది కూడా. చిలమత్తూరులో సొంతంగా గది పెట్టుకున్నాక చుట్టుపట్ల ఎవరి పెళ్లయినా “తిప్పేష్ కాడ ఇయ్యండప్పా, పూలు రాలితే నిజంగా రాలినట్లే ఉంటాయి” అనేవాళ్లు. అలాంటి పార్టికల్స్‌ను రెండర్ చేయడానికి గంటలకు గంటలు పడుతుందని మాత్రం వాళ్లకు తెలియదు.

పోయిన శ్రావణంలో అతనికి ఏడు పెళ్లిళ్లు ఒకేసారి తగిలాయి. ఏడో పెళ్లి లేపాక్షిలో జరిగింది. పెళ్లికూతురు మహేశ్వరి. తండ్రి లేని పిల్ల. తల్లి తిమ్మక్క చింతపండు మండీలో గింజలు తీసే పని చేసి పెంచింది. కన్యాదానం చేసింది చిన్నాన్న గంగప్ప, ఆయన భార్య. పెళ్లికొడుకు మేనమామ నాగేశ్వర అనే ఆయన, కల్యాణ మండపాలకు షామియానాలు వేసే పెద్దమనిషి. తిప్పేష్‌కు వచ్చే పెళ్లిళ్లలో సగం ఆయన చెయ్యి చూపిస్తే వచ్చేవే.

కెమెరా పట్టిన వీరేష్ జనంలో ఇరుక్కుపోయి, దీవెనల ఘట్టాన్ని దూరంనుంచే ఒక్క ముక్కగా తీసుకొచ్చాడు. అందరూ తెరలో పట్టారు గానీ మనుషులు చిన్నగా ఉన్నారు. తిప్పేష్ తన అక్షింతల ఎఫెక్టు తెచ్చి పరిచాడు. పెళ్లికూతురి తల మీద పడే గింజ ఒక్కొక్కటీ చింతగింజంత ఉంది. కుదించాడు. గీత వచ్చింది. దాచుకున్న పాత రెండర్ అది, ఐజాక్ చెప్పిన రెండింతల ఫ్రేము లేకుండా తొందరలో చేసుకున్నది. మళ్లీ మొదటినుంచి చేయాలంటే ఐదారు గంటలు. కరెంటు వస్తూ పోతూ ఉంది. సాయంత్రానికి పెన్‌డ్రైవ్ ఇస్తానని నాగేశ్వరకు మాట ఇచ్చేశాడు.

అప్పుడు అతనికి ఒక ఉపాయం తోచింది. గింజలను కుదించకుండా అలాగే ఉంచి, కింద ఉన్న పెళ్లి బొమ్మను పెద్దది చేశాడు. మనుషులు పెద్దవాళ్లయ్యారు కాబట్టి గింజలు చిన్నవిగా కనిపించాయి. గీత లేదు. రెండు నిమిషాల పని. కాకపోతే బొమ్మను పెద్దది చేస్తే ఏదో ఒక పక్క అంచు తెర బయటికి పోతుంది. ఏ పక్క పోవాలో అతని చేతిలో ఉంది. కుడి అంచున నాగేశ్వర, మెడలో గొలుసుతో, ముఖంలో ఘనతతో నిలబడి ఉన్నాడు. ఎడమ అంచున మండపం స్తంభానికి ఆనుకొని, వెలిసిపోయిన చీరలో, బొట్టులేని ఒక ఆడమనిషి చెయ్యి పైకెత్తి ఉంది.

చూశాడు. చూడలేదని తర్వాత తనకు తానే ఎన్నిసార్లు చెప్పుకున్నా చూశాడు. ఎవరో వంటమనిషి అయి ఉంటుందిలే అనుకొని, మౌస్ పట్టుకొని బొమ్మను ఎడమకు లాగాడు. ఆమె తెరలోంచి వెళ్లిపోయింది. సాయంత్రం పెన్‌డ్రైవ్ ఇచ్చి చేతులు దులుపుకున్నాడు.

ఏడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం మేడమెట్ల మీద చెప్పుల చప్పుడయింది. ఎవరో తలుపు బయటే ఆగిపోయారు. తిప్పేష్ తల తిప్పి చూస్తే, చేతిలో గుడ్డసంచి పట్టుకొని ఒక ఆడమనిషి గడప అవతల నిలబడి ఉంది. వేళ్ల కొనలు చింతపండు పులుపుకు నల్లబారి ఉన్నాయి.

“తిప్పేష్ అంటే నువ్వేనా నాయనా? నేను లేపాక్షిలో పెండ్లి జరిగిండ్లా, మహేశ్వరి, ఆ పాప వాళ్లమ్మను. తిమ్మక్క అంటారు.”

“లోపలికి రా అక్కా. ఆడనే నిలబడితివే.”

“ఈడనే బాగుండాదిలే” అంటూనే, అతను స్టూలు లాగి వేశాక వచ్చి కూర్చుంది. ఆ రోజు తెరలోంచి తోసేసింది ఈమెనేనని తిప్పేష్‌కు అప్పటికింకా తెలియలేదు. ఆమె మెడ తిప్పి గోడ వైపు చూసినప్పుడు తెలిసింది. స్తంభం పక్కన కూడా సరిగ్గా అలాగే చూస్తూ నిలబడింది.

“నీకొగ దండం పెట్టి పోదామని వచ్చినా” అంది తిమ్మక్క. “ఆ పొద్దు మా పాప క్యాసెట్టులో నన్ను తీసేసినావు. మంచి పని చేసినావు నాయనా. నేను వద్దనుకుంటానే గుడక, పాప చెయ్యి ఊపి పిలిచిందని ఉండబట్టలేక ఒగ పిడికెడు అక్షింతలు ఏసేస్తి. నా మాదిరి మడిసి అట్ల ఏయగూడదు. నాకి ఆశ ఎక్కువయిపాయ. నీకు తెలుసు గాబట్టి తీసేసినావు.”

తిప్పేష్ ఏమని చెప్పాలి? గీత కోసమని చెప్పాలా? ఆమె చెబుతున్నది శాస్త్రం, తాను చేసింది బద్ధకం. రెండింటికీ ఎక్కడా పొంతన లేదు.

“ఇప్పుడొగ సంకటం వచ్చి పడిండాది” అని ఆమె అసలు సంగతికి వచ్చింది. “పాపకి ఏడో నెల. వచ్చే శుక్రవారం శ్రీమంతం పెట్టుకున్నారు. అమ్మా, నువ్వు వచ్చి ముందర కూసోవల్ల అంటాది. నేను రానన్నా. క్యాసెట్టులో నుంచి గూడ తీసేసినారు, గాజులు తొడిగే తావుకి నేనెందుకు పాపా అని నోరు జారినా. అంతే. మా వియ్యపురాలు రామలక్ష్మమ్మే నన్ను తీపిచ్చిందని మొదలుపెట్టె. ఆయమ్మ నాకేం తెలీదని ఒట్టు పెట్టుకుంటాది. పాప నమ్మదు. అత్తతో మాట్లాడి పదైదు దినాలాయ. శ్రీమంతం పీట మీదనే కూసోనంటాది. కడుపుతో ఉండే బిడ్డ, సరిగ్గ తినడం గూడ లేదంట.”

“నన్నేం చెయ్యమంటావక్కా?”

“నేనే తీసేయమన్నానని చెప్పు. అంతే. మీ అమ్మే ఫోన్ చేసి నన్ను తీసెయ్యప్పా అనిందని పాపతో ఒగ మాట చెప్పినావంటే అత్తాకోడళ్లు కలిసిపోతారు. నా మీద కోపం వస్తే వచ్చింది. నామీద ఎన్నాళ్లుంటాది కోపం?”

తప్పించుకునే దారి తనంతట తానే నడిచొచ్చి స్టూలు మీద కూర్చుంటే ఎవడు వదులుకుంటాడు? నిజం చెబితే పరువు పోతుంది. గీత లేకుండా చేసే తిప్పేష్, గీత దాచలేక మనిషిని తీసేశాడని ఊరంతా అంటుంది. నాగేశ్వర చెవిన పడితే, తన చెల్లెలు రామలక్ష్మమ్మను ఏడు నెలల తర్వాత నిందపాలు చేసింది వీడేనా అని మండిపడతాడు. అబద్ధం చెబితే ఎవరికీ నష్టం లేదు, పైగా అడిగింది ఆ తల్లే. ఇలా తనకు కావలసిన వాదన తానే కట్టుకొని, ఆమె కలిపి ఇచ్చిన ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

“అవునమ్మా, మీ అమ్మే తీసేయమనె” అన్నాడు.

అవతల మహేశ్వరి అడిగింది. “ఎప్పుడు చెప్పిందన్నా?”

“మిక్సింగ్ అయ్యేటప్పుడు. ఫోన్ చేసింది.”

“మా అమ్మకి నీ నంబరు యాడిది?”

“వీరేష్ తావ తీసుకున్నింది.” ఒక అబద్ధానికి మూడు అబద్ధాలు ఊడిగం చేయాల్సి వచ్చింది.

“నాకి నమ్మబుద్ధి గాలేదన్నా” అంది మహేశ్వరి. “అత్తమ్మ అయ్యింటే బాగుండు. అత్తమ్మ మీద కోపం చేసుకోవచ్చు. మా అమ్మే నా పెండ్లిలో ఉండద్దనుకుంటే నేనెవురికి చెప్పుకోవల్ల?” ఏడుపు వినిపించింది. తర్వాత ఫోన్ కట్టయింది.

“ఏమనె?” అంది తిమ్మక్క ఆత్రంగా.

“సరే అనిందక్కా.”

ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. తనకంటే పదిహేనేళ్లు చిన్నవాడికి, తనను చెత్త తీసేసినట్టు తీసేసినవాడికి. గుడ్డసంచిలోంచి గింజ తీసిన చింతపండు ముద్ద, వేరుశనక్కాయల పొట్లం తీసి టేబుల్ మీద పెట్టి, “ఈ సారి పండు బాగుండాది, మీ ఇంట్లోవాళ్లకియ్యి” అని చెప్పి మెట్లు దిగిపోయింది. వద్దనడానికి కూడా అతనికి ముఖం చెల్లలేదు.

ఆ రోజు అతను పని చేయలేకపోయాడు. గదంతా కొత్త చింతపండు వాసన. ఆ ముద్దను ఇంటికి తీసుకెళ్లాలంటే చెయ్యి రాలేదు, అక్కడే ఉంచితే కంటికెదురుగా ఉంది. ఇంటికెళ్తే భార్య హేమలత, “ఏమయిందప్పా నీకు, ముద్ద దిగకుండా కూసున్నావు?” అని అడిగింది. ఏమీ లేదన్నాడు. అతనికి గుర్తొచ్చింది మహేశ్వరి ఏడుపు కాదు, ఆమె అడిగిన మాట. ఇప్పటిదాకా ఆ పిల్లకు అత్త మీద అనుమానం ఉండింది, తల్లి మీద నమ్మకం ఉండింది. ఆ ఒక్క నమ్మకాన్నీ తాను రెండు నిమిషాల్లో తీసేశాడు. ఈసారి కూడా రెండు నిమిషాలే.

మర్నాడు పొద్దున్నే గది తెరిచి పాత హార్డ్‌డిస్కులు ముందరేసుకున్నాడు. పెన్‌డ్రైవ్ ఇచ్చిన మూడు నెలలకు ముడి వీడియో చెరిపేయడం అతని అలవాటు. శ్రావణం పెళ్లిళ్లవి చెరపడానికి బద్ధకించి అలాగే పడేశాడు. ఆమెను తీసేసిన బద్ధకమే ఆమెను మిగిల్చి పెట్టింది. లేపాక్షి పెళ్లి నాలుగో డిస్కులో దొరికింది. దీవెనల ముక్క తెరిచాడు. ఎడమ అంచున స్తంభం, స్తంభం పక్కన తిమ్మక్క.

ఈసారి పని పద్ధతి ప్రకారం మొదలుపెట్టాడు. ఐజాక్ చెప్పినట్టు రెండింతల ఫ్రేము పెట్టుకున్నాడు. గుడ్డను కాకుండా, గింజను పుట్టించే చోటే దాని పరిమాణం తగ్గించాడు. ప్రతి గింజా అంచుకు చాలా ముందే గాల్లో మాసిపోయేలా దాని ఆయుష్షు కొలిచి పెట్టాడు. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది, రెండుసార్లూ మొదటికి వచ్చింది. విసుక్కోలేదు. సాయంత్రం కావస్తుండగా రెండర్ పూర్తయింది. పెళ్లి బొమ్మను అసలు పరిమాణంలోనే ఉంచి, దాని మీద ఈ అక్షింతలను కుదించి పరిచాడు. నాలుగు పక్కలా వెతికాడు. గీత ఎక్కడా లేదు. బియ్యపు గింజంత గింజలు, సన్నగా, ఒద్దికగా, నాగేశ్వర మీదా తిమ్మక్క మీదా సమానంగా కురుస్తున్నాయి. ఇంత బాగా అతను ఎప్పుడూ చేయలేదు.

అలవాటు కొద్దీ ఇంకోసారి ఆడించి చూశాడు. తిమ్మక్క చెయ్యి ఎత్తింది, పిడికిలి విప్పింది. ఆమె వేసిన అక్షింతలు ఎక్కడ? వెతికాడు. అతను కురిపించిన వేల గింజల్లో ఆమె పిడికెడు గింజలు ఏవో తెలియలేదు. ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూశాడు. ఊహూఁ. పొద్దున్నుంచి చేసిన ఎఫెక్టును పూర్తిగా తీసేశాడు.

అప్పుడు కనిపించాయి. నాలుగైదు పసుపు చుక్కలు ఆమె చేతిలోంచి లేచి, వేదిక దాకా పోలేక, మొదటి మెట్టు మీద పడ్డాయి. సరిగ్గా ఆ క్షణంలోనే మహేశ్వరి అటు తిరిగి తల వంచింది. తాను ఇచ్చిన వీడియోలో కూడా ఆ పిల్ల తల వంచుతుంది. అక్కడ ఎవరూ లేరు కాబట్టి పూలదండ బరువుకు మెడ నొప్పి పుట్టి వంచిందేమో అన్నట్టుంటుంది. నిజానికి అది తల్లి దీవెనకు వంచిన తల. తిప్పేష్ కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. సిగ్గేసింది. ఆ గదిలో ఎవరూ లేకపోయినా సిగ్గేసింది.

ఆ ముక్కలో ఏ ఎఫెక్టూ పెట్టకుండా వీడియో మళ్లీ చేశాడు. తర్వాత మహేశ్వరికి ఫోన్ చేసి, ఏదీ దాచకుండా చెప్పాడు. గింజలు పెద్దవి కావడం, గీత, నాగేశ్వర, స్తంభం, నిన్నటి అబద్ధం, అన్నీ. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండనుకున్నాడు కూడా.

ఆ పిల్ల, “అన్నా, అత్తమ్మ కాళ్లు పట్టుకోవల్ల ఇప్పుడు నేను” అంది. “నువ్వు నాకి చెప్పింది సరే. మా అమ్మకి చెప్పినావా?”

“ఇంకా లేదమ్మా.”

“పోయి చెప్పు. ఫోన్‌లో గాదు, ఎదురుగా పోయి చెప్పు. అమ్మ నాకాడికొచ్చినా గడప దాటడం లేదు. ఎందుకో నాకిప్పుడు తెలిసె.”

మర్నాడే మండీకి పోయాడు. అది హిందూపురం రోడ్డు మీద ఉంది. పొడుగాటి రేకుల కొట్టం. లోపల ముప్పై మంది ఆడవాళ్లు వరసలుగా కూర్చొని చింతకాయ కొట్టి గింజలు తీస్తున్నారు. టకటకమని చప్పుడు. తిమ్మక్క చివరి వరసలో, గోడ పక్కన కూర్చుంది. తిప్పేష్ పోయి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

“ఏమప్పా, పాపకేమన్నా అయిందా?” అంది కంగారుగా.

“పాప బాగుండాది. నీకొకటి చూపియ్యల్ల అక్కా” అని ఫోన్ తీసి, ఆ ముక్క ఆడించాడు.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకొని ఫోన్ అందుకుంది. మొదట కూతుర్ని చూసి నవ్వింది. తర్వాత ఎడమ అంచు చూసింది. నవ్వు పోయింది. నల్లబారిన బొటనవేలు తెచ్చి ఆ అంచు మీద పెట్టింది. స్తంభమూ, తానూ వేలి కిందికి పోయారు.

“ఇట్లుంటేనే బాగుండాది నాయనా” అంది. “ముందర చేసినట్లే ఉండనీ.”

తాను మౌస్‌తో చేసిందే ఆమె వేలితో చేస్తోంది. ఒకసారి తాను నేర్పాడు, ఆమె నేర్చుకుంది.

“అక్కా, నేను నిన్ను శాస్త్రం కోసం తీసేయలేదు” అన్నాడు. “నేనేసిన అక్షింతలు నిజం గాదు. కంప్యూటర్‌లో చేసినేటివి. అవి పెద్దగా ఉన్నాయని కుదిస్తే గీత పడె. గీత కనపడకుండా చెయ్యల్లంటే దినమంతా పని. నాకి ఒళ్లు వంగలేదు. పెండ్లి బొమ్మను పెద్దది చేసి ఒగ పక్క తోసేసినా. ఆ పక్క నాగేశ్వరన్న ఉండె, ఈ పక్క నువ్వుంటివి. నిన్ను చూసినా. చూసి గూడ తోసేసినా.”

చింతకాయ కొట్టే చప్పుడులో ఆమెకు సరిగా వినపడిందో లేదో అనుకున్నాడు. వినపడింది.

“ఎవురూ నన్ను తీసేయమనలేదా?”

“లేదక్కా.”

“మా మర్ది గంగప్ప గూడ అనలేదా?”

“అనలేదు.”

“వియ్యపురాలు?”

“ఆయమ్మ నాతో ఒగ మాట గూడ మాట్లాడలేదు. ఎవురూ అనలేదక్కా. నేనే.”

తిమ్మక్క ముందు వరసల్లో ఉన్న వాళ్ల వీపుల వైపు చూసింది.

“దేవుడే తీపిచ్చినాడనుకుంటి” అంది. “ఏడు నెల్ల నుంచి అదే అనుకుంటాండా. బిడ్డ ఇంటికి నాలుగు తూర్లు పోయినా. నాలుగు తూర్లూ వాకిట్లోనే కూసోని వచ్చేస్తి. లోపలికి రామ్మా అని అది ఎంత ఏడ్చినా పోలేదు. గీత కోసరమా?”

“నన్ను తిట్టక్కా” అన్నాడు తిప్పేష్. “శుక్రవారం నువ్వు పోవల్ల. పాపకి అంతా చెప్పేసినా.”

“నేను చెప్పమన్నది ఒగటి, నువ్వు చెప్పింది ఒగటి” అంది గానీ, ఆ మాటలో కోపం లేదు. బొటనవేలు మెల్లగా తీసింది. ఆ ముక్క అప్పటికి అయిపోయింది. మళ్లీ మొదటినుంచి పెట్టమంది. అతను పెట్టాడు. ఈసారి ఆమె కూతురి వైపు కాకుండా అంచు వైపే చూసింది. చెయ్యి లేవడం, పిడికిలి విడవడం, పసుపు చుక్కలు మెట్టు మీద పడడం, కూతురు తల వంచడం. “సూసిందే” అంది లోగొంతుకతో. “నేనేసేది సూసింది పాప.” మూడోసారి కూడా పెట్టించుకుంది.

ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు అడిగింది. “శ్రీమంతానికి క్యాసెట్టు చేసేది గుడక నువ్వేనంట గదా?”

“అవునక్కా, నాగేశ్వరన్న చెప్పిండాడు.”

“అట్లయితే నేను యాడ నిలబడాల్నో ఇప్పుడే చెప్పు నాయనా. మళ్ల నీ గీతకి అడ్డం వస్తానేమో.”

వెటకారంగా అని ఉంటే తిప్పేష్ తల వంచుకొని పడి ఉండేవాడు. వెటకారం కాదు. ఆమె నిజంగానే అడిగింది. అడిగి, చేతిలోకి తీసుకోబోయిన చింతకాయను పక్కన పెట్టి, అతను ఏం చెబుతాడా అని ముఖంలోకి చూస్తూ కూర్చుంది.